వంక పెట్టేవాళ్ళు లేని విస్తరి

నేపుల్స్ పిజ్జాకి ఒక చట్టం ఉంది. 2010లో యూరోపియన్ యూనియన్ దాన్ని సంప్రదాయ వంటకంగా గుర్తిస్తూ ఇచ్చిన నిబంధనల నిండా కొలతలే. పిజ్జా అడ్డకొలత 35 సెంటీమీటర్లు దాటకూడదు. అంచు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తున పొంగాలి. పిండిని చేత్తోనే సాగదియ్యాలి, అప్పడాల కర్ర తగలకూడదు. కట్టెల పొయ్యి 485 డిగ్రీల వేడి మీద ఉండాలి, పిజ్జా అందులో 60 నుంచి 90 సెకన్లే ఉండాలి. అంతకుముందు, 1984లోనే, నేపుల్స్ పిజ్జా చేసేవాళ్ళు సంఘం కట్టుకుని ‘అసలైన పిజ్జా’ అంటే ఏమిటో రాసిపెట్టుకున్నారు.

మన దిబ్బరొట్టెకి చట్టం లేదు. మినప్పప్పు నానబెట్టి రుబ్బి, వరినూక కలిపి, కాస్త జీలకర్ర వేసి, నూనె పోసిన ఇనప మూకుట్లో మందంగా పోసి మూత పెడతారు. కుంపటి మీద అయితే కింద నిప్పులు, మూత మీద కూడా నిప్పులు. పిజ్జాకి నిమిషంన్నర చాలు. దిబ్బరొట్టెకి మాత్రం పొయ్యి దగ్గర కూర్చునే ఓపిక కావాలి. అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి, పక్కన చెరకు పానకమో కొబ్బరి పచ్చడో పడాలి. ఇదంతా ఏ గెజిట్‌లోనూ లేదు. మరి ఇది సరిగ్గా కుదిరిందో లేదో ఎవరు తేలుస్తున్నారు?

సముద్రం ఒడ్డున, కట్టెల పొయ్యి ముందు, ‘ఆథెంటిక్ నియాపోలిటన్’ అని రాసిన బోర్డు కింద కూర్చుని పిజ్జా తినే అవకాశం ఇప్పుడు మన తీరంలోనూ దొరుకుతోంది. అదే ఊళ్ళో రెండు వీధుల అవతల ‘అసలైన గోదావరి రుచులు’ అనే బోర్డు కూడా ఉంటుంది. రెండు బోర్డులూ ఒకే మాట అంటున్నాయి. ఆ ‘అసలు’ అనే మాటని మనం ఎంత తేలిగ్గా మింగేస్తున్నామో చూడాలంటే, మన గురించి మనం రాసుకున్నదాని కంటే ముందు నేపుల్స్ గురించి వాళ్ళు రాసుకున్నది చదవడం మంచిది.

పిజ్జా గురించి పాత రచయితలెవరూ మురిసిపోలేదు. అలెగ్జాండర్ డ్యూమా 1840లలో నేపుల్స్ మీద రాసిన యాత్రా గ్రంథంలో, అక్కడి బీదవాళ్ళు చలికాలంలో పిజ్జా, ఎండాకాలంలో పుచ్చకాయ తిని బతుకుతారని రాశాడు. పిజ్జా ధర చూస్తే ఆ పూట బజారులో ఏ సరుకు ఎలా ఉందో తెలిసిపోతుందని కూడా గమనించాడు. అంటే చేపలు బాగా పడ్డాయా, నూనె ధర పెరిగిందా అన్నది పిజ్జా ముక్క చెప్పేస్తుంది. పినోకియో సృష్టికర్త కొల్లోడికైతే ఆ వంటకం చూస్తేనే రోత పుట్టింది. ఇవాళ మనం నల్లమచ్చల అంచుని ఫొటో తీసుకుని మురిసిపోతున్నాం. వాళ్ళకి అందులో కనిపించింది మురికివాడ.

వీళ్ళందరికంటే నాకు ముఖ్యంగా కనిపించేది మతిల్దే సెరావ్. 1884లో నేపుల్స్‌లో కలరా వచ్చి పేదవాడలు తుడిచిపెట్టుకుపోతున్నప్పుడు, ఆ నగరం కడుపులో ఏముందో చూడండని ఒక పుస్తకం రాసిందావిడ. పేరే ‘నేపుల్స్ కడుపు’. అందులో పిజ్జా ఒక్క నాణేనికి ముక్క చొప్పున అమ్ముడుపోయే పేదల మధ్యాహ్న భోజనం. అదే పుస్తకంలో ఒక చిన్న ఉదంతం ఉంది. ఒక నేపుల్స్ వ్యాపారి రోమ్‌లో పిజ్జా కొట్టు పెడతాడు. మొదట్లో జనం ఎగబడతారు. తర్వాత పలచబడతారు. చివరికి కొట్టు మూతపడుతుంది. తన వాతావరణం నుంచి తెచ్చి పెట్టిన పిజ్జా అక్కడ అపస్వరంలా ఉందన్నది సెరావ్ తీర్పు.

ఆ తీర్పుని సాధారణంగా ‘ఆ నీళ్ళు, ఆ గాలి వేరు’ అన్న అర్థంలో చదువుతారు. మనవాళ్ళు గోదారి నీళ్ళ గురించి చెప్పే మాటే అది. కానీ చరిత్ర దానికి అడ్డం తిరిగింది. తర్వాత ఒక ఇరవై ఏళ్ళకే పిజ్జా సముద్రాలు దాటి న్యూయార్క్‌లో పాతుకుపోయింది. రోమ్‌లో బతకలేని వంటకం, నీళ్ళూ గాలీ పూర్తిగా వేరైన అమెరికాలో ఎలా బతికింది? నాకు తోచిన జవాబు ఇది: రోమ్‌కి వెళ్ళింది సరుకు. న్యూయార్క్‌కి వెళ్ళింది జనం. ఓడలెక్కి వెళ్ళిన దక్షిణ ఇటలీ కూలీలు వండేవాడితో పాటు తినేవాణ్ణి కూడా తీసుకెళ్ళారు. పిండి పులవకపోతే, అంచు మాడిపోతే, ‘ఇదేం పిజ్జారా’ అనగలిగిన నాలుక వాళ్ళతో పాటు ఓడ దిగింది. రోమ్‌లో ఆ నాలుక లేదు. అక్కడ జనం వింత చూడ్డానికొచ్చారు, చూశారు, వెళ్ళిపోయారు.

కాబట్టి సంప్రదాయం కొలతల్లోనూ ఉండదు, నీళ్ళలోనూ ఉండదు. అది తప్పు పట్టగలిగేవాళ్ళలో ఉంటుంది.

ఈ మాట గోదావరి జిల్లాలవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. వంక పెట్టడం అక్కడ ఒక విద్య. పెళ్ళిపందిట్లో మగపెళ్ళివారి పంక్తిలో కూర్చున్న పెద్దాయన పనసపొట్టు కూరలో ఆవ ఘాటు నాలుగు మెతుకులకే తేల్చేస్తాడు. ‘బావగారూ, పులిహోరలో చింతపండు మా కోసం దాచారేమిటండీ’ అంటాడు. వినడానికి ఎటకారం. నిజానికి అది విమర్శ. పులిహోర ఎలా ఉండాలో తనకి తెలుసనీ, వండినవాడికీ తెలుసనీ, ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉందనీ ఆ ఒక్క వాక్యం చెబుతోంది. మర్నాటి పూట వంటవాడు చింతపండు ఇంకో గుప్పెడు వేస్తాడు. 485 డిగ్రీల చట్టం చేసే పని ఇదే. కాకపోతే ఇది నోటిమాటగా జరిగిపోతుంది.

మరి మనం తిండి గురించి రాసేటప్పుడు ఈ వంక ఎక్కడికి పోతోంది? గత పదిహేనేళ్ళలో నెట్‌లో పోగుపడిన గోదావరి తిండి వ్యాసాలు తిరగేస్తే దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. ముందు నది, తర్వాత కొబ్బరిచెట్లు, ఆ తర్వాత ఒక పెద్ద జాబితా: పెసరట్టు ఉప్మా, పనసపొట్టు, పులస, పూతరేకులు, కాజా. చివర్లో అమ్మమ్మ చేతి రుచి, ఓ నిట్టూర్పు. వంశీ ‘మా పసలపూడి కథలు’ ప్రభావం వీటి మీద చాలా ఉంది. అయితే వంశీ దగ్గర తిండి ఎవరో ఒక మనిషిని అంటిపెట్టుకుని వస్తుంది. ఆ మనిషికి ఒక పేరు, ఒక యావ, ఒక కష్టం ఉంటాయి. అనుకరించినవాళ్ళు జాబితాని ఉంచుకుని మనిషిని వదిలేశారు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’లో ‘తృప్తి’ అనే కథ ఉంది. వనభోజనాల కథ. అది కృష్ణ ఒడ్డు కథే అయినా, తిండి గురించి రాసే ఎవరైనా చదవాల్సింది. అందులో మనకి గుర్తుండిపోయేది మెనూ కాదు. వండి, వడ్డించి, అందరి కడుపులూ చూసే బావగాడు.

నాస్టాల్జియాతో ఇబ్బంది ఏమిటంటే అది వంక పెట్టలేదు. అమ్మమ్మ చేతి పులుసులో ఉప్పెక్కువైందని ఏ వ్యాసమైనా రాసిందా? ఎప్పుడూ కుదిరినవే గుర్తుంటాయి. అమ్మమ్మ అలా దేవత అయిపోయాక ఆవిడ పొగలో కూర్చున్న గంటలు లెక్కలోకి రావు. ఆవిడకి ఆ రొట్టె ఆ రోజు చెయ్యాలని ఉందో లేదో ఎవరూ అడగరు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నాస్టాల్జియా దేన్నైనా అనాదిగా ఉన్నట్టు చూపిస్తుంది. నేపుల్స్‌వాళ్ళు 1889లో రాణి మార్గరీటా కోసం ఒక వంటవాడు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల పిజ్జా చేశాడని కథ చెబుతారు. ఆ కథకి ఆధారంగా చూపించే ఉత్తరం నకిలీదై ఉండొచ్చని పరిశోధకులు వాదించారు. అసలు ఆ పిజ్జాకి ప్రాణమైన టమాటాయే అమెరికా ఖండం నుంచి వచ్చింది. మన గోదావరి ‘అనాది సమృద్ధి’ కథ కూడా ఇలాంటిదే. 1830లలో, 40లలో ఈ డెల్టా కరువులతో చితికిపోయిన జిల్లా. కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాతే కాలవల కింద వరి ఈ స్థాయికి చేరింది. విస్తరి నిండా అన్నం, పిలిచి పెట్టే మర్యాద, వంక పెట్టే తీరిక — వీటన్నిటి వెనకా ఆ కాలవ నీళ్ళున్నాయి. అవి ఏ చేలకి పారాయో, ఎవరింటి గాదె నిండిందో, ఎవరు తరవాణి తాగి పొలానికి వెళ్ళారో కూడా ఆ కథలో భాగమే. కాలవ గట్టున కుండలో పులిసిన ఆ తరవాణే ఇవాళ నగరాల్లో గట్ హెల్త్ పేరుతో గాజు సీసాలో కొత్త మర్యాద సంపాదించుకుంటోంది. పిజ్జా నడిచిన దారే ఇది. పేదవాడి తిండికి గౌరవం దొరకడం మంచిదే. ఆ పేదవాడు కథలోంచి మాయమవడమే బాగాలేదు.

ఇక్కడ నేపుల్స్‌వాళ్ళ నుంచి నేర్చుకోదగ్గ విషయం ఒకటుంది. 2017 డిసెంబర్లో యునెస్కో తన జాబితాలో చేర్చింది పిజ్జాని కాదు, పిజ్జా చేసేవాళ్ళ విద్యని. నగరంలో ఇంచుమించు 3,000 మంది ‘పిజ్జాయువోలో’లు ఉన్నారని ఆ పత్రమే చెబుతుంది. గుర్తింపు వంటకాన్ని దాటి చేతిదాకా వచ్చింది. మన ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిందే. కానీ ఆ గుర్తింపు ఊరి పేరుకీ సరుకుకీ వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్క ఊపులో పరిచి, క్షణంలో రేకు లేపే ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి. పిజ్జాకి 90 సెకన్ల విద్య ఉంటే, దీనికి అంతకంటే తక్కువ క్షణాల విద్య ఉంది. పెట్టె మీద షాపు పేరుంటుంది, ఊరి పేరుంటుంది. ఆ విద్య పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

అలాగని చట్టాలే మేలని నేను అనట్లేదు. చట్టానికి దాని మూర్ఖత్వం దానికుంటుంది. 36 సెంటీమీటర్ల పిజ్జా రుచిగా ఉండదా? దిబ్బరొట్టెకి కొలతలు రాస్తే, కుంపటి లేక గ్యాస్ స్టవ్ మీద సన్న మంటన చేసుకునే ఇల్లాలి రొట్టె ‘నకిలీ’ అయిపోతుంది. చట్టం కంటే వంక మేలు. ఎందుకంటే వంక మనిషిని చూసి, పూటని చూసి మాట్లాడుతుంది. అప్పుడప్పుడూ ఒప్పుకుని సర్దుకుంటుంది కూడా. ఆ వంకకీ దాని పాపం దానికుంది. పంక్తిలో కూర్చున్న మగపెళ్ళివారికే అది పెట్టే హక్కుండేది. వండిన ఆవిడకి, గిన్నెలు తోమిన ఆవిడకి లేదు. మనం ఇప్పుడు చెయ్యగలిగింది ఆ విద్యని ఉంచుకుని ఆ పంక్తిని పెద్దది చెయ్యడం.

మనలో చాలామందికి దిబ్బరొట్టె ఇంట్లో పరిచయం కాలేదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఏ హోటల్లోనో మొదటిసారి తిన్నాం. అడుగు మెత్తగా, నూనె ఓడుతూ, పది నిమిషాల్లో బల్ల మీదకొచ్చిన ఆ రొట్టెనే అసలుదనుకుని ఐదు నక్షత్రాలిచ్చి లేచాం. సెరావ్ చెప్పిన రోమ్ జనం మనమే. ఆ నాలుక మనకి పుట్టుకతో రాలేదు. నేర్చుకుంటే వస్తుంది. రోమ్ కూడా తర్వాత్తర్వాత నేర్చుకుంది, తనదైన పలచటి పిజ్జా తను చేసుకుంది. దాన్ని నేపుల్స్‌వాళ్ళు ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉంటారు. అది ఆరోగ్యకరమైన పరిస్థితి.

కాబట్టి సముద్రం ఒడ్డున పిజ్జా తిన్నా, కాలవగట్టు పక్కన రొట్టె తిన్నా, ‘ఇది అసలుదేనా?’ అని బోర్డుని అడగొద్దు. ఎంతసేపు పులిసిందో, ఎవరు చేశారో వడ్డించేవాళ్ళని అడగండి. అడుగు సరిగ్గా కాలకపోతే మర్యాదగా, గోదారి మర్యాదతో, ఆ మాట చెప్పండి. లోపలున్న మనిషి మొహం చిట్లించుకోవచ్చు. కానీ రొట్టె గురించి తెలిసినవాడొకడు వచ్చాడని ఆ పూట అక్కడ తెలుస్తుంది. రెండో వాయి ఇంకాస్త ఎర్రగా కాలుతుంది.