తెర వెనుక సంగతులు – విమర్శకు పనికివచ్చేవి ఏవి?

విద్యార్థులారా! మానవపాడులో ఉంటూ చదువుకుంటున్న మీలో చాలామందికి ‘ఈ నగరానికి ఏమైంది’ సినిమా సంభాషణలు కంఠతా వచ్చి ఉంటాయి. తరుణ్ భాస్కర్ దర్శకత్వంలో, డి. సురేశ్‌బాబు నిర్మాతగా 2018 జూన్ 29న విడుదలైన ఈ చిత్రం, సరిగ్గా ఐదేళ్లకు 2023లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఇంతటి అభిమానం ఉన్నచోట తెర వెనుక కబుర్లు పోగవడం సహజం. వాటినే విమర్శగా రాసిన జవాబు పత్రాలు ఎన్నో దిద్దాను. అందుకే ఒక గీటురాయి చెబుతున్నాను: సంగతి తెలిశాక సినిమా మీకు కొత్తగా అర్థం కావాలి. కాకపోతే అది ఉత్త కబురే.

రెండు ఉదాహరణలు చూడండి.

1. ఈ పేరు, థియేటర్లలో సినిమాకు ముందు వేసిన పొగాకు వ్యతిరేక ప్రకటనలోని వాక్యం. నీతి చెప్పే ఆ గొంతును, మందు మత్తులో గోవా చేరిన నలుగురు మిత్రుల కథకు తగిలించడంలోనే వ్యంగ్యం మొదలైంది.

2. దర్శకుడు లఘుచిత్రాలు తీసి పైకి వచ్చినవాడు. కథలో మిత్రులు తీసేదీ లఘుచిత్రమే. కనుక ఆ వెక్కిరింత బయటివాడిది కాదు. తన దారిని తానే నవ్వుతూ చూసుకోవడం.

అయితే అభిమానం ఒక ప్రశ్నను మరిపిస్తుంది. ఆ నలుగురి స్నేహానికి దక్కిన చోటు స్త్రీ పాత్రలకు దక్కిందా? సినిమా మరోసారి చూసి, ఒక సన్నివేశం ఆధారంగా మీ సమాధానం రాయండి.