హద్దు గీసినవాడే అసలు మాంత్రికుడు

ఫాంటసీ రోల్‌ప్లే ఆటలో పాత్రకు శక్తులివ్వడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ శక్తికి ఎక్కడ కళ్లెం వెయ్యాలో తెలిసినవాడే గొప్ప డీఎం, అంటే ఆటను నడిపించే డంజన్ మాస్టర్. శనివారం రాత్రి నార్సింగి, కోకాపేట అపార్ట్‌మెంట్లలో డైనింగ్ టేబుల్ చుట్టూ చేరి డైస్ దొర్లించే మన ఐటీ కుర్రకారుకు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చారు. ఒకసారి ప్రయోగించిన మంత్రం మనసులోంచి చెరిగిపోవడమన్న ఊహ జాక్ వాన్స్ కథల్లోంచి వచ్చిందంటారు. చరిత్రకు అంత చాలు, పనితనం చూద్దాం.

మొదటి కళ్లెం లెక్క. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఐదో లెవెల్ విజార్డ్‌కు మూడో స్థాయి స్పెల్ స్లాట్లు, అంటే ఆ స్థాయి మంత్రం వేసే అవకాశాలు, రెండంటే రెండే. రెండోది వెల. చనిపోయి నిమిషం దాటని మనిషిని రివివిఫై మంత్రంతో లేపొచ్చు కానీ, 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు కరిగిపోతాయి. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చేది మూడోది, ఏకాగ్రత. నిలబెట్టుకోవాల్సిన మంత్రాల్లో ఒకసారికి ఒకటే నడుస్తుంది. దెబ్బ తగిలితే అదీ చెదిరిపోవచ్చు.

ఒక టేబుల్ దగ్గర దీని సొగసు చూశాను. విజార్డ్‌గా ఆడుతున్న అమ్మాయికి మిగిలింది ఒక్క స్లాట్. వంతెన మీద గాబ్లిన్ల గుంపు, నడుమ తమ జట్టులోని రోగ్ (దొంగ పాత్ర). ఫైర్‌బాల్ వేస్తే శత్రువులతోపాటు తనవాడూ మాడిపోతాడు. పెన్సిల్ కొరుకుతూ షీట్ వంక చూసి చూసి, రోగ్ మీద హేస్ట్ వేసింది. వాడి వేగం రెట్టింపైంది. అంతలో ఆమెకు బాణం తగిలింది. ఏకాగ్రత పోతే రోగ్ ఉన్నచోటే కదలలేక నిలిచిపోతాడు. డైస్ మీద పదికి తగ్గకుండా పడితే గట్టెక్కినట్టు. పదకొండు పడింది! టేబులంతా లేచి నిలబడి కేకలు. మంత్రాలు ఎన్నైనా వేసుకోమని ఉంటే ఆ కేక పుట్టేదా?

మనవాళ్లు ఈ విద్యలో ఆరితేరినవాళ్లు. కవచకుండలాలు ఇచ్చేసి కర్ణుడు ఇంద్రుడి దగ్గర పుచ్చుకున్న శక్తి ఒక్కసారికే పనికొస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద వెయ్యక తప్పలేదు. ఇంతకన్నా గొప్ప స్పెల్ స్లాట్ ఏ రూల్‌బుక్‌లో ఉంది? సైంధవుడి వరమూ అంతే. అర్జునుణ్ణి మినహాయించి మిగతా పాండవులను ఒక్కరోజు నిలువరించగలడు. ఆ ఒక్కరోజే అభిమన్యుణ్ణి బలిగొంది.

ఇక కె.వి.రెడ్డి, పింగళి నాగేంద్రరావుల ‘పాతాళ భైరవి’ (1951)! సాహసవంతుణ్ణి బలిస్తేనే నేపాళ మాంత్రికుడికి దేవి అనుగ్రహం. ఆ షరతు తెలిసిన తోటరాముడు మాంత్రికుణ్ణే బలిచ్చేస్తాడు. దక్కిన ప్రతిమ ఎవరి చేతికి చిక్కితే వాళ్ల మాటే వింటుంది కాబట్టి, చేతులు మారినప్పుడల్లా కథ తలకిందులవుతుంది. శక్తిని షరతుతో ఎలా కట్టాలో నేర్చుకోవాలనుకునే డీఎంకు ఇంతకుమించిన బడి లేదు.

ఇంత సంపద పెట్టుకుని మనం చేస్తున్నదేమిటి? ఫోన్ ఆటల్లో డబ్బు కట్టినవాడికి హద్దులు తొలగిపోతాయి. ఆ అలవాటే టేబుల్ మీదికీ పాకింది. ఆటగాడు అలుగుతాడని స్లాట్లు లెక్కపెట్టని డీఎంలు, మూడో వారానికే దేవుళ్లను కూల్చే హీరోలు, చచ్చినవాణ్ణి ఖర్చు లేకుండా లేపే జట్లు! అది ఉదారత కాదు, ఆటగాడి తెలివిని అవమానించడం. ప్రమాదం లేని చోట సాహసమన్న మాటకు అర్థమే లేదు. నేను నిక్కచ్చి డీఎంల పక్షం. నూటికి నూరుపాళ్లూ.

కాబట్టి మిత్రులారా, వచ్చే ఆటకు క్యారెక్టర్ షీట్ రాసేటప్పుడు ప్రతి శక్తి పక్కనా మూడు సంగతులు రాయండి: ఎన్నిసార్లు, ఎంత వెలకు, ఏ షరతు మీద. షరతు కోసం భారతాన్నో, జానపద సినిమానో తిరగెయ్యండి. డీఎం మొహమాటపడితే మీరే గుర్తుచెయ్యండి, మీ స్లాటు అయిపోయిందని.