పుట్టిన స్థలం: ఇండియా

ప్రవాస జీవితం గురించి తెలుగులో వస్తున్న కథల్లో విమానం వుంటుంది, విమానాశ్రయం వుంటుంది, అద్దాల తలుపు అవతల చెయ్యి వూపే తల్లిదండ్రులుంటారు. పాస్‌పోర్టు మాత్రం వుండదు. వున్నా చేతిసంచీలో వస్తువుగా వుంటుందే తప్ప కథావస్తువుగా వుండదు. నేను చదివినంతలో ఎక్కువ కథల పరిస్థితి యిదే. మనిషి చట్టరీత్యా ఒక దేశం నుంచి మరో దేశానికి మారిపోవడం చిన్న సంఘటన కాదు. దాన్ని వదిలేసి ఆవకాయ దగ్గరా, తొలకరి వాసన దగ్గరా ఆగిపోయే కథను వాస్తవికత అనడానికి నేను సిద్ధంగా లేను.

యిటీవల చదివిన ఒక కథ వ్రాతప్రతి యీ మాట అనిపిస్తున్నది. రచయిత దేవరకొండ ప్రాంతం నుంచి వెళ్ళి అమెరికా పౌరుడైన యువకుడు, ఒకప్పుడు నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. అచ్చుకాని రచన గనుక పేరు చెప్పను. కథానాయకుడు కొత్త నీలిరంగు పాస్‌పోర్టుతో మొదటిసారి తండ్రిని చూడటానికి వస్తాడు. శంషాబాదులో దిగి కళ్ళు చెమర్చుకుంటాడు, వూరు చేరతాడు, నాలుగు వారాలుండి వెళ్ళిపోతాడు. భాష బాగుంది. సంభాషణల్లో నల్లగొండ పలుకు ఎక్కడా తెచ్చిపెట్టుకున్నట్లు లేదు. ఒకచోట తండ్రి అడుగుతాడు: "అయితే యిప్పుడు నువ్వు ఆ దేశపోడివైనవా బిడ్డా?" కొడుకు నవ్వి వూరుకుంటాడు. కథ అక్కడ మొదలుకావాలి. రచయిత అక్కడ మాట మార్చాడు.

తండ్రి ప్రశ్నకు జవాబు కొడుకు జేబులోనే వుంది. భారత పాస్‌పోర్టులో పుట్టిన స్థలం అన్నచోట వూరి పేరు వుంటుంది. అమెరికా పాస్‌పోర్టులో, బయటి దేశాల్లో పుట్టినవారికి, సాధారణంగా దేశం పేరే వేస్తారు. పాత పుస్తకంలో దేవరకొండ వున్నచోట కొత్త పుస్తకంలో ఇండియా వుంటుంది. వూరు పోయి దేశం మిగిలింది. అతను వదులుకున్నదేమో ఆ దేశాన్నే! రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి తండ్రికి చదివి వినిపించే దృశ్యం ఒక్కటి వుంటే, మట్టి వాసన గురించి రాసిన రెండు పేజీలూ కొట్టివేయవచ్చు.

పౌరసత్వ ప్రమాణాన్ని రచయిత "చెయ్యెత్తి ప్రమాణం చేశాడు" అని ఒక్క వాక్యంలో దాటించాడు. ఏమని ప్రమాణం చేశాడు? పూర్వదేశం పట్ల విధేయతను పూర్తిగా విడిచిపెడుతున్నానని. చట్టం కోరితే అమెరికా తరఫున ఆయుధం పడతానని కూడా. (మత విశ్వాసం అడ్డువచ్చేవారికి మినహాయింపు వుంది, ఆ సంగతి వేరు.) వియత్నాం ప్రజల పక్షాన కవిత్వం రాసిన సాహిత్య వారసత్వం మనది. ఆ వాక్యం పలికేటప్పుడు మన కథానాయకుడి గొంతు తడబడిందా, లేక ఖాళీ ఫారం నింపినంత సులువుగా పలికేశాడా? రెండింటిలో ఏది రాసినా అతని వర్గ స్వభావం బయటపడేది.

అయితే యీ మార్పును ద్రోహం అనే మిత్రులతో నేను ఏకీభవించను. కోరుకున్నా దొరకని రోజులున్నాయి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు "తెల్లవారు" కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారన్నది. ఆ రోజుల్లోనే బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడి వైద్యశాస్త్రానికి అంత సేవ చేసి, 1948లో పరాయివాడుగానే మరణించారు. 1946 చట్టంతో గాని ఆ తలుపు తెరుచుకోలేదు.

మన చట్టం సంగతికి వస్తే, 1955 పౌరసత్వ చట్టం ప్రకారం స్వచ్ఛందంగా పరదేశ పౌరసత్వం తీసుకున్నవాడు భారత పౌరుడుగా వుండడు. పాత పాస్‌పోర్టు అప్పగించి రద్దు చేయించుకోవాలి. ఆ తర్వాత సొంత వూరికి రావడానికి వీసా కావాలి, లేదా ఓసీఐ కార్డు. 2006 జనవరిలో హైదరాబాదు ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి కార్డులు అందించినప్పుడు చాలామంది దాన్ని ద్వంద్వ పౌరసత్వం అనుకున్నారు. పేరులో పౌరుడు అని వుంది గాని, ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. వున్నది జీవితకాలపు ప్రవేశానుమతి. అదైనా ఎంత గట్టిదో 2020 మార్చిలో తేలింది. కరోనా పేరిట ఆ కార్డుల మీద ప్రయాణం ఆపేశారు. యింట్లో చావు వంటి అత్యవసరాలకు సడలింపు మే నెలలో గాని రాలేదు.

ఆ నెలల్లోనే మన కూలీలు కాలినడకన యిళ్ళకు బయలుదేరారు. యీ రెండు ప్రయాణాలనూ ఒకే చూపుతో చూసిన కథ నాకింకా తటస్థపడలేదు. శంషాబాదు విమానాశ్రయం ముందున్న బెంగుళూరు రహదారి మీదనే పాలమూరు కూలీల బస్సులు హైదరాబాదు వస్తాయి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం ప్రతి కూలీకీ కాంట్రాక్టరు ఫొటో అంటించిన పాస్‌బుక్కు యివ్వవలసి వుండేది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె వెళ్ళివచ్చిన మా విద్యార్థుల తల్లిదండ్రుల దగ్గర అలాంటి పుస్తకం నాకు ఒక్కటీ కనిపించలేదు. యిక గల్ఫ్ వెళ్ళేవాడు పది పాస్ కాకపోతే, 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద అతని భారత పాస్‌పోర్టుకే తనిఖీ షరతు తగిలేది. పదో తరగతి మెమోకు అంత విలువ వుందని బడిపంతులుగా నాకు తెలుసు, కథకులకు తెలియాలి. మన కథానాయకుడి చేతిలోని నీలి పుస్తకం బరువు వీటి పక్కన పెట్టి తూచినప్పుడే తెలుస్తుంది.

పౌరసత్వం మార్చుకున్నవాడికి మన పల్లె గురించి రాసే హక్కెక్కడిదని సాహితీమిత్రులొకరు అడిగారు. అది తప్పు ప్రశ్న. తాను ఏ వరుసలో నిలబడి వచ్చాడో దాచకుండా ఎవరైనా రాయవచ్చు. హక్కును నిజంగా ప్రశ్నిస్తున్నది ప్రభుత్వం. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారు యిక్కడ పరిశోధన చేయాలన్నా, పాత్రికేయుడుగా పని చేయాలన్నా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. మన రచయితల సంఘాలు దీని మీద మాట్లాడవలసి వుంది.

యీ కథలో తాత సాయుధ పోరాటంలో పనిచేశాడని ఒక వాక్యం వుంది. దాన్ని నవలగా పెంచాలని రచయిత కోరిక, నేనూ ప్రోత్సహిస్తున్నాను. 1946-51 నాటి సంగతులు విని గుర్తుంచుకున్న ముసలివాళ్ళు దేవరకొండ చుట్టుపక్కల కొద్దిమందే మిగిలారు. వాళ్ళ అరుగుల మీద కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకుంటే అది పరిశోధన కిందికి వస్తుందా, మనుమడి ముచ్చట కిందికి వస్తుందా? అతను ముందుగా ఎవరిని అడగాలి?