చేవెళ్లకు ఎంతసేపు?

ఫ్రెంచ్ మొదలుపెట్టినవాళ్లకు తొలి పాఠాల్లోనే ఎదురయ్యే ప్రశ్న ఇది: ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది? పుస్తకాల్లో ఉదాహరణ పారిస్ నుంచి లియోన్. టీజీవీ రైల్లో సుమారు రెండు గంటలని జవాబు. పిల్లలు బట్టీపడతారు, పరీక్షలో రాస్తారు, వారం తిరిగేసరికి మరిచిపోతారు. ఆ జవాబు తప్పో ఒప్పో తరగతిలో ఎవరికీ తెలియదు, ఎవరికీ పట్టదు కూడా. అందుకే మొయినాబాద్ కాలేజీ పిల్లలకు చెప్పేటప్పుడు నేను లియోన్‌ను పక్కనబెట్టి దగ్గరలోని చేవెళ్లను తెచ్చాను.

"ఇల్ ఫో కోంబ్యాఁ ద తాఁ పుర్ అలే ఆ చేవెళ్ల?" చేవెళ్ల పోవడానికి ఎంతసేపు పడుతుంది? అనగానే తరగతి మేలుకుంటుంది. అరగంట అని ఒకరంటే, తాండూరు బస్సు వెంటనే దొరికితేనే అని ఇంకొకరు. బండి మీదైతే ఇంకా ముందే పోవచ్చంటాడు వెనక బెంచీ అబ్బాయి. సాయంత్రం పూట మెహిదీపట్నం నుంచి వచ్చేవాళ్ల లెక్క వేరు. వాదన ఫ్రెంచ్‌లోనే సాగాలన్నది నా షరతు. అప్పుడు బస్సులో అనడానికి "ఆఁ బ్యూస్" కావాలి, బైకు మీద అనడానికి "ఆ మోతో" కావాలి, సుమారుగా అనడానికి "ఆఁవీరోఁ" కావాలి. అవసరపడి అడిగి నేర్చుకున్న మాట నిలుస్తుంది.

ఈ ప్రాంతానికి ఫ్రెంచ్‌వాళ్లు కొత్తేమీ కాదు. చేవెళ్ల మీదుగా పోయే రోడ్డును మనం ఇప్పటికీ బీజాపూర్ రోడ్డనే అంటాం. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వర్తకుడు జాఁ బాప్తిస్త్ తవెర్నియే, 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో గనుల దూరాన్ని రోజుల్లో చెప్పాడు. కొల్లూరు గని గోల్కొండకు తూర్పున ఏడు రోజుల ప్రయాణం. రావల్‌కొండ అని ఆయన రాసిన గని గోల్కొండ నుంచి ఐదు రోజులు, బీజాపూర్ నుంచి ఎనిమిదో తొమ్మిదో రోజులు. ఆ "ఎనిమిదో తొమ్మిదో" నాకు చాలా ఇష్టం. దారి తెలిసినవాడు చెప్పే జవాబు అలాగే ఉంటుంది. మా పిల్లలకు "ఆఁవీరోఁ" నేర్పేటప్పుడు ఈ సంగతే చెబుతాను.

ఇదే ప్రశ్నకు ఇంకో రూపం ఉంది, అది ఈ పిల్లలకు మరీ ముఖ్యం. మొయినాబాద్ పక్కనే చిలుకూరు. అక్కడి వీసా బాలాజీ గుళ్లో 11 ప్రదక్షిణలు చేసి వీసా రావాలని మొక్కుకుంటారు, కోరిక తీరాక వచ్చి 108 చేస్తారు. వీసా చేతికొచ్చి ఫ్రాన్స్‌లో విమానం దిగాక అధికారి అడిగేది దారి ఎంతసేపని కాదు, "వూ రెస్తే కోంబ్యాఁ ద తాఁ?" అని. ఎన్నాళ్లుంటారు? ఫ్రాన్స్‌తో సహా షెంగెన్ దేశాల స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. చదువుకు పోయేవాళ్లకు దీర్ఘకాలిక వీసా వేరు. దారికి పట్టే సమయమూ అక్కడ ఉండే గడువూ కలగాపులగమైతే, ఎన్నాళ్లని అడిగితే పది గంటలని జవాబొస్తుంది. అందుకే రెండింటినీ జంటగా సాధన చేయిస్తాను: చేవెళ్లకు ఎంతసేపు, చేవెళ్లలో అమ్మమ్మ ఇంట్లో ఎన్నాళ్లు?

కొత్త భాష పెద్ద ఊళ్ల పేర్లతోనే నేర్చుకోవాలన్న బెరుకు మన పిల్లల్లో ఉంది. సొంతూరి పేరు ఫ్రెంచ్ వాక్యంలో పలకడానికి మొదట సిగ్గుపడతారు. ఆ సిగ్గు పోగొట్టడం వ్యాకరణం చెప్పడమంత ముఖ్యమైన పని. ఏ భాష మొదలుపెట్టినా రోజూ తిరిగే దారి గురించే అడగండి. ఎదుటివాళ్లు మీ ఉచ్చారణ వదిలేసి, "కాదు, అంతసేపు పట్టదు" అని మీతో వాదనకు దిగారంటే ఆ వాక్యం మీకు వచ్చినట్టే.