ఎవరు జో? ఎవరు ఇప్పో?

తార్నాక చౌరస్తా కాడ ఛాయ్ తాగుతుంటే మొదలైన ముచ్చట ఇది. ఉస్మానియా హాస్టల్ తమ్ముళ్ళు నలుగురు, నేను, ఇంకో మిత్రుడు. ఒక తమ్ముడు ఫోన్ తీసి, "అన్నా, పది ప్రశ్నలకు జవాబు చెప్పు, నువ్వు ఏ బాక్సర్‌వో తెలుస్తది" అన్నడు. జపాన్ బొమ్మల కథలు, వాళ్ళ మాటలో ఆనిమే, రాత్రిళ్ళు హాస్టల్ గదుల్లో మన పిల్లలు మస్తు చూస్తున్నరు. అందులో బాక్సింగ్ కథలంటే మరీ ఇష్టం.

ఎవరన్నా అవమానిస్తే ఏం చేస్తవు? ఓడిపోతే ఎట్లుంటవు? గురువు మాట వింటవా? అన్నీ ఇసొంటి ప్రశ్నలే. ఉన్నదున్నట్టు చెప్పినం. హాస్టల్ వాళ్ళం ఐదుగురిలో నలుగురికి ఒకటే పేరు వచ్చింది: మకునొవుచి ఇప్పో. వినయం, కష్టపడే గుణం, కోపం ఎరుగని మనసు. మా మిత్రునికి మాత్రం జో యబుకి వచ్చిండు. తిరుగుబాటు, ఎవరికీ తల వంచనితనం. ఆయనకు తార్నాకలో సొంతిల్లుంది, ఇంట్ల మూడు తరాల డిగ్రీలున్నయి. నవ్వుకున్నం. కానీ మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వాడలనుంచి వచ్చిన నలుగురికి ఒకటే 'వ్యక్తిత్వం' ఎట్లా వచ్చింది? పుట్టుకతోనే మేమంతా సాధువులమా?

ముందు ఇప్పో సంగతి చూద్దాం. జార్జ్ మొరికావా 1989లో మొదలుపెట్టిన 'హజిమె నో ఇప్పో' 2000లో టీవీకి వచ్చింది. ఇప్పో తండ్రి సముద్రంలో పోయాడు. గాలం వేసేవాళ్ళను పడవలో తీసుకెళ్ళే తల్లి పనిలో కొడుకు చెయ్యేస్తాడు. బడిలో ఉమెజావా అనేవాడి గుంపు అతన్ని కొడుతుంది. కారణం? ఎర పురుగుల కంపు కొడుతున్నాడట. ఆ భాగం చూస్తూ నేను ఆపేసిన. మా తాత లంద కాడ పని చేసినోడు, నాయన చెప్పులు కుట్టినోడు. ఆ వాసన మా ఇంటి బట్టలన్నిటికీ ఉండేది. నేను చదివిన ఒక బడిలో నా బెంచీ మీద రెండో మనిషి కూచున్నది లేదు. (బాక్సింగ్ గ్లవ్ కూడా తోలే గదా. చేతికి తొడుక్కున్నంక దాన్ని ఎవరూ వాసన చూడరు.)

నేను తిరిగి కొట్టలేదు. కొడితే హాస్టల్ సీటు పోతదని భయం, ఇంటికాడ అమ్మకు తెలుస్తదని భయం. ఇది స్వభావం కాదు, లెక్క. ఆ లెక్కకు పరీక్ష పెట్టినోడు 'వినయం' అని పేరు పెట్టిండు. కథ రాసినవాడు అట్లా చేయలేదు. ముందు పడవ చూపించాడు, ఎర పురుగులు చూపించాడు, ఆ తర్వాతే పిల్లవాడి మెత్తదనం చూపించాడు. ప్రశ్నల జాబితా పడవను తీసేసి మెత్తదనాన్ని మిగిల్చింది. కథతో నాకూ ఒక పేచీ ఉంది. తర్వాత ఉమెజావా ఇప్పోకు దోస్తు అయితడు, అదే పడవ మీద పనికి చేరుతడు. మంచిదే. నా బెంచీ దోస్తు మాత్రం ఇంకా రాలేదు.

ఇక జో. 'అషిత నో జో', అంటే రేపటి జో, 1968లో వారపత్రికలో మొదలైంది. రాసింది ఇక్కి కజివారా, అప్పుడు వాడిన కలం పేరు అసావో తకమొరి. బొమ్మలు టెత్సుయా చిబా. జో తోక్యోలోని సాన్యాకు వచ్చి చేరిన అనాథ. సాన్యా దినకూలీల అడ్డా. 1966లోనే ప్రభుత్వం ఆ పేరును చిరునామాల్లోంచి తీసేసింది. పేరు పోయింది, బీదరికం పోలేదు. జోకు బాక్సింగ్ నేర్పే తంగె దంపెయ్ వ్యాయామశాల కన్నీటి వంతెన అనే వంతెన కింద ఉంటుంది. పూర్వం ఉరికంబానికి పోయేవాళ్ళను అయినవాళ్ళు కడసారి సాగనంపిన చోటు అది. జపాన్‌లోనూ తోలు పని, కళేబరాల పని చేసిన బురాకుమిన్లు అంటరానివాళ్ళుగా బతికారు. 1871లో చట్టం వాళ్ళను మామూలు పౌరులన్నది, సమాజం అనలేదు. జో బురాకుమిన్ అని కథ ఎక్కడా చెప్పదు, నేనూ అనను. అతని కోపానికి ఒక వాడ ఉందని మాత్రం అంటున్నా.

జోను ఎవరు తమవాడన్నారో చూడండి. 1970 మార్చి 31న విమానాన్ని హైజాక్ చేసి ఉత్తర కొరియాకు పోయిన రెడ్ ఆర్మీ యువకులు తాము రేపటి జో అని ప్రకటించుకున్నారు. ఎక్కువమంది విశ్వవిద్యాలయాల్లో చదివినవాళ్ళు. సాన్యా కూలీకి ఆ ప్రకటన చేసే తీరిక లేదు. మా మిత్రుని తిరుగుబాటు అబద్ధమని నేను అనడం లేదు. కానీ తిరగబడి ఓడినా వెనక్కి పోవడానికి ఆయనకు ఇల్లుంది.

ఈ కథలో అసలు సంగతి బరువు. జో ప్రత్యర్థి రికియిషి అతనికన్నా బరువైన తరగతివాడు. జోతో తలపడాలని తిండి, నీళ్ళు మానేసి ఒళ్ళు తగ్గించుకుంటాడు. తాగకుండా కొళాయిలు కట్టేస్తారు. గెలిచి చనిపోతాడు. 1970 మార్చిలో ఆ బొమ్మ మనిషికి నిజమైన అంత్యక్రియలు జరిపారు, నాటక రచయిత తెరయామా షూజి ముందుండి నడిపాడు, వందల మంది వచ్చారు. కోరి ఎంచుకున్న ఆకలికి అంత గౌరవం! సాన్యాలో కోరకుండా పస్తున్న వాళ్ళకు ఏ రచయితా సంతాపసభ పెట్టినట్టు నేను చదవలేదు.

బాక్సింగ్‌లో ఒక న్యాయం ఉంది. రింగులోకి దింపే ముందు ఇద్దరినీ తూస్తారు. మన నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల తరగతిలో, 2023లో 50 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. 81 కిలోల మనిషితో కొట్లాడలేదు గనక ఆమెకు ప్రతిభ లేదని ఎవడన్నా అన్నడా? అదే మనిషి రిజర్వేషన్ మాట రాగానే ప్రతిభ ప్రతిభ అని గుండెలు బాదుకుంటడు. మూడు తరాల డిగ్రీల బరువు ఎంత? మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కినోని బరువు ఎంత? ఆ తూకం వద్దంటడు.

(పా. రంజిత్ 'సార్పట్ట పరంపర' 2021లో వచ్చినంక మా హాస్టల్‌లో అందరూ డాన్సింగ్ రోజ్ కావాలన్నోళ్ళే. కబిలన్ మోసిన బరువు ఎవరికీ వద్దు.)

ఆ పది ప్రశ్నలు ఛాయ్ కాడి ఆట అని వదిలేయొచ్చు. కానీ సివిల్స్ ఇంటర్వ్యూకు యూపీఎస్సీ పెట్టిన అధికారిక పేరే 'పర్సనాలిటీ టెస్ట్'. 2025 మార్కుల్లో దానికి 275. మనోడు తలుపు తెరిచిన తీరు, ఇంగ్లీషు పలికిన తీరు, కూచున్న తీరు, అన్నీ వ్యక్తిత్వం ఖాతాలో పడతయి. నేను ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకు పోతే లోపలున్న పెద్దమనిషి 'మరీ మెతకగా ఉన్నావు' అన్నడు. ఇంకోచోట రెండు మాటలు గట్టిగా మాట్లాడితే 'దూకుడు ఎక్కువ' అన్నరు. ఒకచోట ఇప్పోనైన, ఒకచోట జోనైన, రెండుచోట్లా ఉద్యోగం రాలేదు.

మొన్న ఆ తమ్ముడే కొత్త ప్రశ్నలు రాసుకొచ్చిండు. నీ బెంచీ మీద ఎవరు కూచున్నరు? మీ ఊళ్ళె బావి ఎటు దిక్కున్నది? ఫీజుకు అమ్మ ఏం అమ్మింది? దెబ్బ తిన్న రోజు ఎవరికి చెప్పుకున్నవు? "వీటికి జవాబులు రాస్తే ఎవరొస్తరన్నా?" అని అడిగిండు. వచ్చే సోమవారం వానికి ఇంటర్వ్యూ ఉన్నది. ఛాయ్ అయినంక చొక్కా ఇస్త్రీకిచ్చి వస్తానని లేచిండు.