‘కణం’, ‘సైనికుడు’, ‘చేబదులు’: విటమిన్-ఇ పై తెలుగు ఆరోగ్యవచనం – ఒక పరిశీలన

1. ప్రవేశిక

కొలెస్ట్రాల్, విటమిన్-ఇ, మొక్కల యాంటీఆక్సిడెంట్ల గురించి తెలుగు పత్రికల ఆరోగ్యశీర్షికలు విస్తారంగా రాశాయి. ఇంగ్లీషు చదవలేని రోగికి ఆ వచనమే ఆధారం. మందుల దుకాణంలో అతడు ఏం కొంటాడన్నది కొంతవరకు ఆ పదాల మీదే ఆధారపడుతుంది. అందువల్ల అక్కడి పదాల ఎంపికను శైలీవిషయంగా మాత్రమే చూడలేం.

2. ఒకే పదం, మూడు పరిమాణాలు

ఫ్రీరాడికల్‌ను పాఠ్యపుస్తకం ‘స్వేచ్ఛా ప్రాతిపదిక’ అంది. పత్రిక ‘విశృంఖల కణం’ అంది. రెండవది వెంటనే మనసుకు పడుతుంది. చిక్కేమిటంటే ఎల్.డి.ఎల్. కూడా ‘కణమే’, రక్తనాళపు గోడలోని జీవకణమూ ‘కణమే’. ఎల్.డి.ఎల్. సుమారు 20 నానోమీటర్ల కొవ్వు-ప్రోటీన్ పొట్లం. దానికి ప్రాణం లేదు. రాడికల్ అంతకన్నా ఎంతో చిన్నది. ఈ మూడూ ఒకే వాక్యంలో చేరితే ఏది దేనిని దెబ్బతీస్తోందో పాఠకుడికి తెలియదు. ‘రాడికల్’, ‘ఎల్.డి.ఎల్. రేణువు’, ‘జీవకణం’ అని విడదీస్తే ఈ గందరగోళం తొలగుతుంది.

3. సైనికరూపకం దాచినది

యాంటీఆక్సిడెంట్లను శరీరాన్ని కాపాడే సైనికులుగా వర్ణించడం పరిపాటి. సైనికులు ఎంతమంది ఉంటే అంత మేలన్నది ఆ రూపకంలోని తర్కం. వాస్తవం వేరు. ఒక్కో ఎల్.డి.ఎల్. రేణువులో విటమిన్-ఇ అణువులు సగటున ఆరేడుకు మించవు. రాడికల్‌కు హైడ్రోజన్‌ను ఇచ్చిన విటమిన్-ఇ తానే రాడికల్‌గా మారుతుంది. దానిని తిరిగి నిలబెట్టేవారు లేకపోతే, ఆ రేణువులోని కొవ్వు ఆక్సీకరణను అదే ముందుకు నడపగలదని 1990ల తొలినాళ్లలో బౌరీ, స్టాకర్ తదితరుల ప్రయోగాలు చూపాయి. 2000లో వెలువడిన ‘హోప్’ అధ్యయనంలో తొమ్మిదివేలమందికి పైగా పాల్గొన్నారు. రోజుకు 400 యూనిట్ల విటమిన్-ఇ వాడినా గుండెజబ్బులు తగ్గలేదు. సైనికరూపకం ఈ ఫలితాన్ని వివరించలేదు.

4. చేబదులు

ఇక్కడ మన వ్యవహారంలోని ‘చేబదులు’ మేలైన రూపకం. విటమిన్-ఇ ఇచ్చిన హైడ్రోజన్ లోటును రేణువు ఉపరితలం వద్ద విటమిన్-సి పూడుస్తుంది. కేటెచిన్, క్వెర్సెటిన్ వంటి మొక్కల ఫీనాళ్లు కూడా ఆ పని చేయగలవని పరీక్షనాళికలో తేలింది. అప్పు మాసిపోదు, చేతులు మారుతుంది. చివరికి భరించగల చేతికి చేరడమే రక్షణ.

ఈ రూపకానికీ హద్దుంది. యాదగిరిగుట్టలో విద్యార్థికి పులిహోర కన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు: నూనెలో టోకోఫెరాళ్లు, పసుపులో కుర్కుమిన్. అంతమాత్రాన ఆ చేబదులు రక్తంలో జరిగిందనలేం. కుర్కుమిన్ పేగు నుంచి రక్తంలోకి చేరేది స్వల్పం. మొక్కల ఫీనాళ్లు చాలావరకు పేగులోనూ కాలేయంలోనూ రూపం మార్చుకుంటాయి. ‘ఆహారంలో ఉంది’, ‘రక్తంలో పనిచేసింది’ అనే రెండు వాక్యాల మధ్య దూరాన్ని ఆరోగ్యవచనం తరచూ ఒక్క ‘కాబట్టి’తో దాటేస్తుంది.

5. ముగింపు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహారపట్టికలు టోకోఫెరాళ్లను, పాలీఫీనాళ్లను వేర్వేరుగా లెక్కిస్తాయి. పట్టిక చేయవలసిన పని అదే. వాటి మధ్య సంబంధాన్ని చెప్పవలసింది వచనం. తెలుగు విజ్ఞానవచన విమర్శ ఇంతవరకు పారిభాషికపదం సంస్కృతమా, ఇంగ్లీషా అన్న చర్చ దగ్గరే ఎక్కువగా ఆగింది. నామవాచకాలతో పాటు క్రియలనూ, ‘కాబట్టి’, ‘అయితే’ వంటి అనుసంధానపదాలనూ పరీక్షించడం ఇకపై పరిశోధకులు చేపట్టవలసిన పని.