భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు: అర్హత, సంసిద్ధత

ఆంధ్రప్రదేశ్ ఉన్నత పాఠశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలను సాధారణంగా ఒకే స్కూల్ అసిస్టెంట్ బోధిస్తారు. బి.ఎస్సీ., బి.ఇడి. పట్టాలు, టెట్, డి.ఎస్.సి. ఆయన అర్హతలు. అర్హత ఉన్నంత మాత్రాన సంసిద్ధత ఉన్నట్లేనా?

ద్రవపీడన పాఠాన్ని పరిశీలించండి. విజయవాడలో 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. "ఎగువన మైళ్ల పొడవునా ఉన్న నీరంతా గేటును నెట్టదా?" అని విద్యార్థి అడిగాడనుకుందాం. నిలకడ నీటి పీడనం లోతును బట్టే ఉంటుంది, నిల్వ పొడవును బట్టి కాదు. సూత్రం రాసి ఊరుకుంటే ఈ సందేహం తీరదు.

ఇక రంధ్రాల డబ్బా ప్రయోగం. అడుగు రంధ్రం నుంచి వచ్చే ధారే అన్నిటికన్నా దూరం పడుతుందని చాలా బొమ్మలు చూపుతాయి. నేలపై పెట్టిన డబ్బాలో నీటిని 40 సెం.మీ. ఎత్తున నిలిపి, 10, 20, 30 సెం.మీ. ఎత్తుల్లో రంధ్రాలు చేస్తే, సిద్ధాంతం ప్రకారం మధ్య ధార 40 సెం.మీ., మిగిలిన రెండూ సుమారు 35 సెం.మీ. దూరంలో పడతాయి. అడుగు ధారకు వేగం ఎక్కువే, కాని నేలను చేరే వ్యవధి తక్కువ. ప్రయోగాన్ని స్వయంగా చేయని ఉపాధ్యాయుడు తరగతిలో తడబడతాడు, లేదా కళ్లెదుటి ఫలితాన్ని కాదని బొమ్మనే నమ్మమంటాడు. రెండోది మరింత ప్రమాదం.

విషయజ్ఞానం, బోధనాపద్ధతి వేర్వేరుగా ఉంటే చాలదని లీ షుల్మన్ 1986లోనే చెప్పారు. మన శిక్షణలోని లోపం ఇక్కడే ఉంది: పాఠ్యపథకానికి మార్కులున్నాయి, డబ్బాకు రంధ్రం చేసి చూసినందుకు లేవు. 2015లో బి.ఇడి. రెండేళ్లయింది. కాలం పెరిగితే చాలదు, ఆ కాలంలో చేతులకు పని కావాలి.

స్వయం పరిశీలన: పై ప్రయోగాన్ని ఇంట్లో చేసి, ఫలితాన్ని వివరించండి.